బంగారు నానోడిస్కుల కింద మాగ్నెటిక్ ఫిల్మ్: లేజర్ పడితే మెత్తబడుతోంది, ఇది వేడి పనా, కాంతి పనా?

మిణుగురు:

అందరికీ నమస్తే. చాన్నాళ్ళుగా ఇక్కడ చదువుతున్నా గానీ పోస్ట్ పెట్టడం ఇదే మొదటిసారి, కాస్త పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి ప్లీజ్.

నా ఎమ్మెస్సీ ప్రాజెక్ట్‌లో గాజు మీద పలచగా కోబాల్ట్, ప్లాటినం పొరలు ఒకదాని మీద ఒకటి వేసి, పైన బంగారం నానోడిస్కులు చేశాం, ఒక్కో డిస్కు 120 నానోమీటర్ల వెడల్పు, 30 నానోమీటర్ల మందం. శాంపిల్‌లో సగం మీద డిస్కులు ఉన్నాయి, మిగతా సగం ఖాళీ ఫిల్మే. కెర్ సెటప్‌లో (ఫిల్మ్ నుంచి తిరిగొచ్చే కాంతిని చూసి మాగ్నెటైజేషన్ కొలిచే పద్ధతి) హిస్టెరిసిస్ లూప్ తీస్తున్నా, అంటే బయటి అయస్కాంత క్షేత్రాన్ని అటూ ఇటూ తిప్పుతూ ఫిల్మ్ మాగ్నెటైజేషన్ ఎక్కడ తిరగబడుతుందో చూడటం. ఇప్పుడు అదే చోట ఇంకో లేజర్ వేశా, 532 నానోమీటర్ల పచ్చ లేజర్, పల్స్ కాదు ఆగకుండా వెలిగేదే, 10 మిల్లీవాట్లు, స్పాట్ సుమారు 10 మైక్రాన్లు. వేయగానే లూప్ సన్నబడిపోయింది! డిస్కులున్న చోట మామూలుగా 20 మిల్లీటెస్లా దగ్గర తిరగబడేది లేజర్ ఉంటే 13 దగ్గరే తిరగబడుతోంది, ఖాళీ ఫిల్మ్ మీద కూడా తగ్గుతోంది కానీ 17 దాకానే. లేజర్ ఆపితే రెండు చోట్లా మళ్ళీ 20కి వచ్చేస్తోంది.

ల్యాబ్‌లో ఒక సీనియర్ ఇది ప్లాస్మాన్ (కాంతికి బంగారం ఎలక్ట్రాన్లన్నీ కలిసి ఊగడం) ఎఫెక్ట్, బంగారం కాంతిని పోగుచేసి మాగ్నెట్‌ని నేరుగా కదిలిస్తోంది అంటున్నారు, ఇంకొకరు ఉత్త వేడే, రాసుకోడానికి ఏం లేదు అంటున్నారు. నాకు రెండూ నిజమే అనిపిస్తున్నాయి, అదే బాధ. అసలు కాంతిలోనే అయస్కాంత క్షేత్రం ఉంటుంది కదా, అది ఎందుకు నేరుగా పని చేయదు? పనిచేయకపోతే కాంతి మాగ్నెట్‌ని మార్చే దారులు ఇంకేమున్నాయి, నా దగ్గరున్నది వేడా కాదా అని ఎలా తేల్చుకోవాలి? రెండో సెమిస్టర్ మొత్తం దీని మీదే ఉంది, తప్పు దారిలో వెళ్తున్నానేమో అని భయంగా ఉంది.

పాతల్యాబ్:

మంచి ప్రశ్న, డేటా కూడా బాగా చెప్పారు, ఖాళీ ఫిల్మ్ నంబర్ కూడా ఇచ్చారు చూడండి, సగం పని అక్కడే అయిపోయింది.

ముందు ఆ మొదటి సందేహం తీర్చేద్దాం ఎందుకంటే చాలామంది అక్కడే ఇరుక్కుంటారు. కాంతిలో అయస్కాంత క్షేత్రం ఉంది, నిజమే, కానీ ఎంత ఉంది? మిట్టమధ్యాహ్నం ఎండ అంటే చదరపు మీటరుకి సుమారు 1000 వాట్లు, లెక్క వేస్తే ఆ కాంతి తరంగంలో అయస్కాంత క్షేత్రం 3 మైక్రోటెస్లా దగ్గర వస్తుంది. భూమి క్షేత్రమే 25 నుంచి 65 మైక్రోటెస్లా ఉంటుంది, దానికంటే చాలా తక్కువ అన్నమాట. సరే లేజర్‌ని బాగా ఫోకస్ చేశాం అనుకోండి, 10 మిల్లీవాట్లని ఒక చదరపు మైక్రాన్‌లోకి కుదిస్తే 9 మిల్లీటెస్లా వస్తుంది, ఇది చిన్నదేం కాదు, మీ 20 మిల్లీటెస్లాతో పోల్చదగ్గదే. కానీ అసలు అడ్డం సైజు కాదు, వేగం. పచ్చ కాంతి క్షేత్రం సెకనుకి సుమారు 5.6 × 10¹⁴ సార్లు అటూ ఇటూ ఊగుతుంది. స్పిన్ (ఎలక్ట్రాన్‌లో ఉండే బుల్లి మాగ్నెట్ అనుకోండి) ఒక క్షేత్రం చుట్టూ తిరిగే వేగం టెస్లాకి 28 గిగాహెర్ట్జ్. అంటే కోబాల్ట్ లోపలి క్షేత్రాలతో లెక్కేసినా స్పిన్ ఒక్క చుట్టు తిరిగే లోపు కాంతి క్షేత్రం వేల సార్లు దిశ మార్చేసుకుంటుంది, సగటు సున్నా. అందుకే కాంతి అయస్కాంత క్షేత్రం నేరుగా మాగ్నెట్‌ని తిప్పడం అనేది ఇక్కడ మర్చిపోండి.

కాబట్టి కాంతి పని చేయాలంటే ఎలక్ట్రాన్ల ద్వారానే చేయాలి. కాంతి విద్యుత్ క్షేత్రం ఎలక్ట్రాన్లని పట్టుకుంటుంది, ఆ తర్వాత ఎలక్ట్రాన్లు ఏం చేస్తాయన్న దాన్ని బట్టి దారులు వేరవుతాయి. అవి వేడెక్కొచ్చు, గుండ్రంగా తిరగొచ్చు, ఒక లోహం నుంచి పక్క లోహంలోకి పారిపోవచ్చు. ఈ మూడూ నిజంగా జరిగేవే, ఒకే శాంపిల్‌లో ఒకేసారి కూడా జరుగుతాయి. మీ కేసులో మాత్రం నేను వేడి వైపే ఉంటా, ఎందుకో లెక్కతో చెప్తా.

10 మిల్లీవాట్లలో మూడో వంతు ఫిల్మ్ పీల్చుకుందనుకోండి, 3 మిల్లీవాట్లు. గాజు వేడిని చాలా చెడ్డగా మోస్తుంది, మీటరుకి కెల్విన్‌కి 1 వాట్ అంతే. 10 మైక్రాన్ల రేడియస్ స్పాట్‌కి పెరిగే టెంపరేచర్ 80 డిగ్రీల చుట్టూ వస్తుంది. లోహపు ఫిల్మ్ వేడిని కొంచెం పక్కకి లాగేస్తుంది కాబట్టి నిజంగా ఇంకాస్త తక్కువ ఉండొచ్చు, మీ స్పాట్ 10 మైక్రాన్లన్నది రేడియస్ కాకుండా మొత్తం వెడల్పు అయితే మాత్రం దాదాపు రెట్టింపు. ఏదైనా అంత వేడికి కోబాల్ట్-ప్లాటినం పొరల కోఎర్సివిటీ (మాగ్నెటైజేషన్ తిరగబడే క్షేత్రం) 20 నుంచి 13కి పడటం ఏమాత్రం ఆశ్చర్యం కాదు. బంగారం ఉన్నచోట ఎక్కువ పడటం కూడా వేడితోనే సరిపోతుంది, అక్కడ ఎక్కువ కాంతి పీల్చుకుంటోంది అంతే.

ఇంకో మాట, 532 అనేది ఈ పనికి సరైన రంగు కాదు. ఇంచుమించు 520 కంటే తక్కువ తరంగదైర్ఘ్యాల్లో బంగారం తన లోపలి బ్యాండ్ల (కింది శక్తి స్థాయిల) నుంచి ఎలక్ట్రాన్లని లేపుతూ ప్లాస్మాన్ ఉన్నా లేకపోయినా కాంతిని మింగేస్తుంది, మీ 532 సరిగ్గా ఆ అంచు మీద ఉంది. 120 నానోమీటర్ల డిస్కు అసలు రెజొనెన్స్ (ఎలక్ట్రాన్ల ఊపు అన్నిటికంటే బలంగా ఉండే రంగు) ఎరుపు వైపు, 700 పైన ఎక్కడో ఉంటుంది. స్పెక్ట్రం తీశారా? తీయకపోతే ముందు అది తీయండి, రెజొనెన్స్ ఎక్కడుందో తెలియకుండా ప్లాస్మాన్ అనే మాట వాడకండి.

స్పిన్_తిరుగుడు:

పాతల్యాబ్ గారి లెక్క ఒప్పుకుంటా, కానీ ఆ రెండో దారిని మరీ ఒక్క ముక్కలో దాటేశారు, నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే కాబట్టి కొంచెం చెప్తా.

1845లో ఫారడే ఒక బరువైన గాజు ముక్కని మాగ్నెట్ పోల్స్ మధ్య పెట్టి దాంట్లోంచి కాంతి పంపితే దాని పోలరైజేషన్ (కాంతి విద్యుత్ క్షేత్రం ఊగే దిశ) తిరిగింది, అంటే మాగ్నెట్ కాంతిని మార్చింది. మరి కాంతి మాగ్నెట్‌ని మార్చగలదా? ఉల్టా ప్రశ్న. దానికి థియరీ 1960ల మొదట్లో పిటాయెవ్‌స్కీ రాశాడు, 1965లో వాన్ డెర్ జీల్, పెర్షన్, మాల్మ్‌స్ట్రామ్ ల్యాబ్‌లో చూశారు, దాన్నే ఇన్వర్స్ ఫారడే ఎఫెక్ట్ అంటాం. విషయం ఇంతే: సర్క్యులర్ పోలరైజ్డ్ కాంతి (విద్యుత్ క్షేత్రం గుండ్రంగా తిరిగే కాంతి) పడితే ఎలక్ట్రాన్లు చిన్న చిన్న గుండ్రాల్లో తిరుగుతాయి, గుండ్రంగా తిరిగే చార్జ్ అంటే కరెంట్ లూప్, కరెంట్ లూప్ అంటే మాగ్నెట్. కాంతిని ఎడమకి తిప్పితే ఒక దిక్కు మాగ్నెట్, కుడికి తిప్పితే దానికి ఎదురు దిక్కు. ఇక్కడ అయస్కాంత క్షేత్రం సగటు సున్నా కాదు ఎందుకంటే తిరిగే దిశ మారట్లేదు, కాంతి ఎంత వేగంగా ఊగినా సరే.

ఇప్పుడు బంగారం ఎందుకంటే, నానోకణంలో ఫ్రీ ఎలక్ట్రాన్లన్నీ కలిసి ఒకేసారి ఊగుతాయి కదా, అదే ప్లాస్మాన్, రెజొనెన్స్ దగ్గర ఆ ఊపు కాంతి ఒక్కటే ఇచ్చేదానికంటే ఎన్నో రెట్లు ఉంటుంది. సర్క్యులర్ కాంతి వేస్తే ఆ ఊపంతా తిరుగుడుగా మారుతుంది. 2020లో 100 నానోమీటర్ల బంగారు కణాల్లో దీన్ని కొలిచి చూపించారు, పల్స్ ఉన్నంతసేపు బంగారం మాగ్నెట్‌లా ప్రవర్తిస్తుంది, పల్స్ పోగానే అదీ పోతుంది. మామూలుగా మాగ్నెట్ కానే కాని బంగారం! నాకైతే మొదటిసారి చదివినప్పుడు రెండు రోజులు ఇంకేం తోచలేదు.

అన్నట్టు బంగారం నానోకణాల ఎర్ర రంగు గురించి 1857లో పద్ధతిగా పని చేసింది కూడా ఫారడేనే, ఒకే మనిషి ఈ రెండు కొసలూ పట్టుకున్నాడు, అవి కలవడానికి మాత్రం నూటయాభై ఏళ్ళ పైన పట్టింది.

కాబట్టి మిణుగురు గారూ, మీ లేజర్ పోలరైజేషన్ ఏంటో చెప్పలేదు. మామూలు లీనియర్ (ఒకే గీత మీద ఊగేది) అయితే ఇన్వర్స్ ఫారడేకి దాదాపు ఛాన్స్ లేదు. లీనియర్‌ని సర్క్యులర్‌గా మార్చే ఒక క్వార్టర్ వేవ్ ప్లేట్ పెట్టి ఎడమ, కుడి సర్క్యులర్ మార్చి చూడండి. వేడి అయితే ఎటు తిప్పినా లూప్ రెండు వైపులా సమానంగా సన్నబడుతుంది. కాంతి ఒక క్షేత్రంలా పని చేస్తుంటే లూప్ మొత్తం ఒక పక్కకి జరుగుతుంది, పోలరైజేషన్ తిప్పితే ఇంకో పక్కకి జరుగుతుంది. ఈ ఒక్క టెస్ట్‌తో తేలిపోతుంది.

సున్నా_క్షేత్రం:

ఆ చివరి వాక్యం దగ్గర ఆగాలి అండి, "ఒక్క టెస్ట్‌తో తేలిపోతుంది" అన్నది నిజం కాదు, నేను దీంట్లో ఆరు నెలలు పోగొట్టుకున్నా కాబట్టి చెప్తున్నా.

మాగ్నెటైజ్ అయిన ఫిల్మ్ ఎడమ సర్క్యులర్‌నీ కుడి సర్క్యులర్‌నీ సమానంగా పీల్చుకోదు, కొంచెం తేడా ఉంటుంది, అదే మాగ్నెటిక్ సర్క్యులర్ డైక్రోయిజం. అంటే ఎడమ సర్క్యులర్ వేస్తే పైకి చూసే డొమైన్లు (మాగ్నెటైజేషన్ ఒకే దిక్కున్న చిన్న ప్రాంతాలు) కాస్త ఎక్కువ వేడెక్కుతాయి, కిందకి చూసేవి కాస్త తక్కువ. ఎక్కువ వేడెక్కినవి తేలిగ్గా తిరగబడతాయి. అప్పుడు కూడా లూప్ ఒక పక్కకి జరుగుతుంది, పోలరైజేషన్ తిప్పితే ఇంకో పక్కకి జరుగుతుంది! అచ్చం ఇన్వర్స్ ఫారడేలా కనిపిస్తుంది, ఉన్నది మాత్రం వేడే.

ఈ గొడవ మన దగ్గరే కాదు, ఫీల్డ్ మొత్తం పడింది. 2007లో గాడోలినియం-ఐరన్-కోబాల్ట్ ఫిల్మ్‌ని 40 ఫెమ్టోసెకండ్ల (ఫెమ్టోసెకండ్ అంటే సెకనులో 10¹⁵వ వంతు) సర్క్యులర్ పల్సులతో, బయటి క్షేత్రం ఏమీ లేకుండా తిప్పి చూపించారు, అందరూ ఇన్వర్స్ ఫారడే అన్నారు. తర్వాత 2012లో అదే రకం మెటీరియల్‌ని లీనియర్ పల్సులతో, అంటే వేడి ఒక్కదానితోనే తిప్పారు, ఒక పల్స్‌కి ఇటు, ఇంకో పల్స్‌కి అటు. అది ఎలా అంటే అందులో ఐరన్, గాడోలినియం ఎదురెదురుగా ఉంటాయి, వేడి తగలగానే ఐరన్ సుమారు 300 ఫెమ్టోసెకండ్లలో మాగ్నెటైజేషన్ పోగొట్టుకుంటుంది, గాడోలినియంకి 1.5 పికోసెకండ్లు, అంటే 1500 ఫెమ్టోసెకండ్లు పడుతుంది, ఆ మధ్య గ్యాప్‌లో రెండూ కాసేపు ఒకే దిక్కు చూసి తర్వాత తిరగబడిన స్థితిలో సర్దుకుంటాయి. పోలరైజేషన్‌ని బట్టి కనిపించిన తేడాని చాలావరకు డైక్రోయిజంతోనే వివరించొచ్చని కూడా అదే ఏడాది చూపించారు.

ఇంకో లెక్క కూడా చెప్తా, చేతిలో ఉంచుకోండి. ఒక్కో సర్క్యులర్ ఫోటాన్ ఒక ħ (క్వాంటం లెక్కల్లో తిరుగుడుకి కొలమానం) కోణీయ ద్రవ్యవేగం మోస్తుంది. 800 నానోమీటర్ల పల్స్ చదరపు సెంటీమీటరుకి 1 మిల్లీజౌల్ మొత్తం 10 నానోమీటర్ల కోబాల్ట్‌లో పీల్చుకుపోయిందనుకుంటే వంద అణువులకి నాలుగైదు ఫోటాన్లు వస్తాయి, అంతే. ఒక్కో కోబాల్ట్ అణువు మొమెంట్ (మాగ్నెట్ బలం) 1.7 బోర్ మాగ్నెటాన్లు, ఒక ఎలక్ట్రాన్ స్పిన్ బలం ఇంచుమించు ఒక బోర్ మాగ్నెటాన్. ఫోటాన్లు తమ దగ్గరున్నదంతా ఇచ్చేసినా మాగ్నెటైజేషన్‌లో కొన్ని శాతాలే మారుతుంది, అదే పల్స్ ఆ ఫిల్మ్‌ని మాత్రం 270 డిగ్రీలు వేడెక్కిస్తుంది. కాబట్టి తూకంలో వేడి ఎప్పుడూ బరువే, కాంతి తిరుగుడు చూడాలంటే వేడిని పక్కకి తీసే డిజైన్ ముందు ఉండాలి.

స్పిన్_తిరుగుడు:

ఒప్పుకుంటా, ఆ వాక్యం తొందరపడి రాశా. డైక్రోయిజం సంగతి తెలిసి కూడా రాయకపోవడం నా తప్పే. అయితే ఒకటి, ఇన్వర్స్ ఫారడేకి ఫోటాన్ పీల్చుకోబడాల్సిన అవసరమే లేదు, కాంతి చెదిరి వెళ్ళిపోయినా క్షేత్రం పుడుతుంది, కాబట్టి ఫోటాన్ల లెక్కతో దాన్ని పూర్తిగా కొట్టేయలేం. 2005లో డిస్ప్రోసియం ఆర్థోఫెర్రైట్ అనే మాగ్నెటిక్ స్ఫటికంలో చూపించింది సరిగ్గా అదే, అది కాంతిని పెద్దగా పీల్చుకోదు, అయినా సర్క్యులర్ పల్స్ తగలగానే స్పిన్లు ఊగడం మొదలెట్టాయి, పోలరైజేషన్ తిప్పితే ఊపు ఎదురు దశలో వచ్చింది. కానీ లోహాల్లో పీల్చుకోకుండా ఏదీ జరగదు కాబట్టి మిణుగురు గారి శాంపిల్‌కి సున్నా_క్షేత్రం గారు చెప్పిందే వర్తిస్తుంది.

కొత్తగా_చేరా:

నేను ఫిజిక్స్ కాదండి, సాఫ్ట్‌వేర్, కానీ మొత్తం చదివా. ఒక డౌట్, మీరందరూ వేడి అని తేలితే ఓడిపోయినట్టు మాట్లాడుతున్నారు, ఎందుకు? వేడితో అయినా పని జరిగితే చాలదా?

పాతల్యాబ్:

చాలా సరైన మాట అడిగారు. వేడి వల్ల అయితే పనికిరాదని ఏం లేదు. ఇప్పుడు మార్కెట్లో ఉన్న అతి పెద్ద కెపాసిటీ హార్డ్ డిస్కుల్లో కొన్ని పనిచేసేదే అలా. డిస్కు మీద బిట్లు చిన్నవి అవుతున్న కొద్దీ గది వేడికే వాటంతట అవి తిరగబడిపోయే ప్రమాదం వస్తుంది, అలా కాకుండా ఐరన్-ప్లాటినం లాంటి మొండి మెటీరియల్ వాడితే రాసే హెడ్డు బలం సరిపోదు. అందుకని హెడ్డులోనే ఒక లేజర్ పెట్టి, దాని కాంతిని ఒక బుల్లి బంగారం యాంటెన్నా ద్వారా కొన్ని పదుల నానోమీటర్ల చుక్కగా కుదించి, ఆ ఒక్క చుక్కని 750 కెల్విన్ దగ్గరున్న క్యూరీ పాయింట్ (మాగ్నెటిజం పోయే టెంపరేచర్) దాకా వేడి చేస్తారు, మెత్తబడ్డ క్షణంలో హెడ్డు రాసేస్తుంది, నానోసెకండ్ల లెక్కలో అది చల్లబడి గట్టిపడుతుంది. లెన్స్‌తో అయితే కాంతిని దాని తరంగదైర్ఘ్యంలో సగం కంటే మరీ చిన్నగా కుదించలేం, అక్కడ బంగారం లేకపోతే పని లేదు. కాంతి, బంగారం, మాగ్నెట్, మీ శాంపిల్లో ఉన్నవి కూడా అవే మిణుగురు గారూ.

నాకు ఇష్టంలేనిది వేడి కాదు, వేడిని ఇంకో పేరుతో పిలవడం.

మూడో దారి గురించి కూడా చెప్పాలి, రెండు లోహాలు కలిసి ఉన్న శాంపిల్‌కి అసలు రుచి అక్కడే ఉంది. 1996లో నికెల్ ఫిల్మ్ మీద 60 ఫెమ్టోసెకండ్ల పల్స్ వేసి చూస్తే మాగ్నెటైజేషన్ ఒక పికోసెకండ్ లోపే పడిపోయింది, అప్పటిదాకా దానికి చాలా ఎక్కువ టైం పడుతుందని అనుకునేవాళ్ళు, ఈ ఫీల్డ్ మొత్తం ఆ ఒక్క పేపర్ నుంచి మొదలైందనొచ్చు. ఆ స్పిన్లు ఎక్కడికి పోతున్నాయి అనే దాని మీద ఏళ్ళ తరబడి వాదనలు జరిగాయి. ఒక జవాబు, 2010లో వచ్చిన థియరీ, అవి ఎక్కడికీ మాయం కావట్లేదు, వేడి ఎలక్ట్రాన్లు పక్క పొరలోకి పారిపోతూ స్పిన్‌ని మోసుకుపోతున్నాయి అంటుంది. 2019లో నికెల్-ప్లాటినం పొరల్లో అటోసెకండ్ (ఫెమ్టోసెకండ్‌లో వెయ్యో వంతు) పల్సులతో చూస్తే కాంతి క్షేత్రం ఊగుతుండగానే నికెల్ మొమెంట్ తగ్గడం కనిపించింది, ఎలక్ట్రాన్లు కాంతి తోస్తే నికెల్ నుంచి ప్లాటినంలోకి వెళ్తున్నాయి అని అర్థం చెప్పారు. అది వేడి కాదు, వేడెక్కడానికి అక్కడ టైమే లేదు. 2017లో ఇంకొకటి, మాగ్నెటిక్ ఫిల్మ్ మీద మందంగా బంగారం కప్పి, లేజర్‌ని బంగారం వైపు నుంచి మాత్రమే వేశారు, కింద ఉన్న గాడోలినియం-ఐరన్-కోబాల్ట్ తిరగబడింది. బంగారం ఎలక్ట్రాన్లు వేడిని మోసుకొచ్చి కింద దింపాయి అంతే. దాన్ని కాంతి పని అందామా వేడి పని అందామా ఎలక్ట్రాన్ పని అందామా, మీరే చెప్పండి.

మిణుగురు:

ఇన్ని జవాబులు వస్తాయని అస్సలు అనుకోలేదు, అందరికీ చాలా థాంక్స్. లేజర్ లీనియరే అండి, స్పెక్ట్రం తీయలేదు, అది నా తప్పే. మరి ఇప్పుడు నేను ఏ వరసలో చేయాలి? నా దగ్గర ఉన్నవి: ఒక హాట్ స్టేజ్ (శాంపిల్‌ని వేడి చేసే పీట), 785 నానోమీటర్ల డయోడ్ లేజర్, వేవ్ ప్లేట్లు, ఇంకా అడిగితే రెండు కొత్త శాంపిల్స్ వేయించుకోవచ్చు. ఫెమ్టోసెకండ్ లేజర్ మాత్రం లేదు.

సున్నా_క్షేత్రం:

ఫెమ్టోసెకండ్ లేకపోయినా మీ ప్రశ్న తేల్చొచ్చు, నిజంగా.

మొదట లేజర్ ఆపేసి హాట్ స్టేజ్ మీద లూప్స్ తీయండి, గది టెంపరేచర్ నుంచి 10 డిగ్రీలకి ఒకటి చొప్పున 120 సెల్సియస్ దాకా వెళ్ళండి, దానికంటే పైకి వెళ్తే పొరలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయే ప్రమాదం ఉంది, వెళ్ళొచ్చాక మొదటి లూప్ మళ్ళీ తీసి అదే వస్తోందో లేదో చూసుకోండి. ఆ గ్రాఫే మీ థర్మామీటర్. ఇప్పుడు లేజర్ పవర్ 1, 2, 5, 10 మిల్లీవాట్లు అలా పెంచుతూ లూప్స్ తీసి, ఒక్కో కోఎర్సివిటీకి ఆ గ్రాఫ్‌లోంచి టెంపరేచర్ చదవండి. వేడే అయితే ఆ టెంపరేచర్ పవర్‌తో సరళరేఖలా పెరుగుతుంది, పాతల్యాబ్ గారు చెప్పిన 80 డిగ్రీల అంచనాకి దగ్గర్లో ఉంటుంది. ఇది రెండ్రోజుల పని.

తర్వాత గట్టి టెస్ట్. కొత్త శాంపిల్స్‌లో ఒకటి గాజు బదులు సఫైర్ మీద వేయించండి. సఫైర్ గాజు కంటే సుమారు 30 రెట్లు బాగా వేడిని లాగేస్తుంది, అదే కాంతి, అదే పీల్చుకోవడం, కానీ 80 డిగ్రీలు పెరగాల్సింది రెండు మూడు డిగ్రీలే పెరుగుతుంది. డైక్రోయిజం వల్ల వచ్చేది కూడా వేడే కాబట్టి అదీ పోతుంది. అక్కడ కూడా ఏదైనా మిగిలితే, పోలరైజేషన్‌తో దిశ మారితే, అప్పుడు ఇక్కడికొచ్చి పోస్ట్ పెట్టండి, అందరం కలిసి బుర్రలు బద్దలు కొట్టుకుందాం. ఒక జాగ్రత్త, సఫైర్ మీద పెరిగిన ఫిల్మ్ కోఎర్సివిటీ మొదటి నుంచే వేరుగా ఉంటుంది, గాజు శాంపిల్ గ్రాఫ్‌తో దాన్ని పోల్చకండి, దాని హాట్ స్టేజ్ గ్రాఫ్ దానికే వేరే తీయండి. నేను పోగొట్టుకున్న ఆరు నెలలు ఇక్కడే పోయాయి.

పాతల్యాబ్:

దీనికి నేను రెండు కలుపుతా. 785 ఉంది కదా, అది మంచిది, బంగారం తనంతట తాను మింగేయని రంగు. 532, 785 రెండిటితో చేయండి, కానీ మిల్లీవాట్లు సమానం చేసి పోల్చకండి, పీల్చుకున్న పవర్ సమానం చేసి పోల్చండి, రిఫ్లెక్షన్, ట్రాన్స్‌మిషన్ కొలిచి మిగిలింది తీసుకోండి (డిస్కుల నుంచి పక్కలకి చెదిరేది కూడా కొంచెం ఉంటుంది, దాన్ని మర్చిపోవద్దు). రెజొనెన్స్ వల్ల వేడి కాకుండా ఇంకేదైనా జరుగుతుంటే పీల్చుకున్నది సమానం అయినా తేడా మిగలాలి.

రెండోది, రెండో కొత్త శాంపిల్ సంగతి. బంగారానికీ మాగ్నెటిక్ పొరకీ మధ్య పలచగా సిలికా వేయించండి. ఇప్పుడు మీ డిస్కులు నేరుగా లోహం మీద కూర్చున్నాయి, కింద ఉన్న కోబాల్ట్, ప్లాటినం ఆ ప్లాస్మాన్ ఊపుని అణిచేస్తాయి, స్పెక్ట్రం తీస్తే రెజొనెన్స్ వెడల్పుగా నీరసంగా కనిపిస్తుంది చూడండి. సిలికా పెడితే ఊపు కొంత తిరిగి వస్తుంది. అంతకంటే ముఖ్యం, సిలికా దాటి వేడి వెళ్తుంది, ప్లాస్మాన్ దగ్గర క్షేత్రం వెళ్తుంది, ఎలక్ట్రాన్లు మాత్రం వెళ్ళలేవు. సిలికా ఉన్నప్పుడు పోయే ఎఫెక్ట్ ఏదైనా ఉంటే అది ఎలక్ట్రాన్లు మోసుకొచ్చింది. ఆగకుండా వెలిగే లేజర్‌తో అది కనపడుతుందని నేను పెద్దగా ఆశపడను, కానీ శాంపిల్ చేతిలో ఉంటే రేపు ఫెమ్టోసెకండ్ ఉన్న ల్యాబ్‌కి పట్టుకెళ్ళొచ్చు కదా.

మిణుగురు:

మూడు వారాల తర్వాత అప్‌డేట్. చెప్పినట్టే హాట్ స్టేజ్ గ్రాఫ్ తీశా. గాజు శాంపిల్‌లో లేజర్ టెంపరేచర్ పవర్‌తో నీట్‌గా సరళరేఖలో పెరిగింది, డిస్కులున్న చోట 10 మిల్లీవాట్లకి 70 డిగ్రీలు, ఖాళీ ఫిల్మ్ మీద 30. పాతల్యాబ్ గారి అంచనాకి ఇంత దగ్గర రావడం చూసి నాకే నమ్మబుద్ధి కాలేదు, స్పాట్ మళ్ళీ కొలిచి చూసుకున్నా, 10 మైక్రాన్లు రేడియస్సే. స్పెక్ట్రం కూడా తీశా, రెజొనెన్స్ 740 దగ్గర ఉంది, చాలా వెడల్పుగా, మీరన్నట్టే నీరసంగా.

సఫైర్ శాంపిల్ మొన్న వచ్చింది. దాని మీద లేజర్ వేస్తే లూప్ అస్సలు కదల్లేదు, 532తో గానీ 785తో గానీ, ఎడమ సర్క్యులర్ కుడి సర్క్యులర్ ఏది పెట్టినా. నా సెటప్ 0.3 మిల్లీటెస్లా కంటే చిన్న తేడా పట్టలేదు కాబట్టి అంతకంటే ఎక్కువ ఏం లేదు అని మాత్రమే చెప్పగలను. అంటే 20 నుంచి 13కి పడింది మొత్తం వేడే. మొదట కాస్త నీరసపడ్డా, కానీ ఇప్పుడు నా దగ్గర ఎంత వేడి, ఎక్కడ, బంగారం దాన్ని ఎంత పెంచింది అని నంబర్లతో ఉంది, ప్రాజెక్ట్ రిపోర్ట్ పేరు కూడా మార్చేశా, ప్లాస్మాన్‌తో వేడి చేసి కోఎర్సివిటీ తగ్గించడం అని రాసుకున్నా, సీనియర్లు ఇద్దరూ గ్రాఫ్ చూసి సరే అన్నారు.

ఇప్పుడు సిలికా శాంపిల్ వేయించాలి. ఎంత మందం పెట్టమంటారు? 2 నానోమీటర్లు చాలా?

పాతల్యాబ్:

శభాష్ అమ్మా, 0.3 కంటే ఎక్కువ లేదు అని హద్దు చెప్పారు చూడండి, అది నాకు అన్నిటికంటే నచ్చింది, రిపోర్ట్‌లో ఆ వాక్యం తప్పకుండా ఉంచండి.

2 వద్దు. అంత పలచగా వేస్తే సిలికా అంతటా సమానంగా పరుచుకోదు, మధ్యలో చిల్లులు ఉంటాయి, ఆ చిల్లుల్లోంచి బంగారం కింద లోహాన్ని తాకేస్తుంది, ఎలక్ట్రాన్లు అక్కడి నుంచే కారిపోతాయి, మీకు తెలియను కూడా తెలియదు. 5తో మొదలుపెట్టండి. ఇంకో శాంపిల్‌కి వీలుంటే 20 కూడా వేయించండి, ప్లాస్మాన్ దగ్గర క్షేత్రం దూరం పెరిగే కొద్దీ తొందరగా పడిపోతుంది, వేడి అంత తొందరగా పడిపోదు, 5కీ 20కీ మధ్య తేడా ఉందో లేదో చూస్తే ఏది ఏదో తెలుస్తుంది. డిస్కులు వేసే ముందు ఒక మూల మీద పైన బంగారం ప్యాడ్ వేసి మల్టీమీటర్‌తో సిలికా అడ్డంగా రెసిస్టెన్స్ చూసుకోండి, షార్ట్ వస్తే ఆ శాంపిల్ పక్కన పెట్టేయండి.